మళ్లీ చర్చికి సరే... ఏ చర్చికి?

చదువు కోసం కొండ దిగిన గిరిజన యువతలో కొందరు పాతికేళ్ల వయసులో మళ్లీ ఆదివారం ఆరాధనకు వస్తున్నారు. తాతకు ఎదురుకాని ప్రశ్న మనవడికి ఎదురవుతోంది.

డిసెంబరు రెండో ఆదివారం. ఏడు దాటినా అరకు లోయలో మంచు కదల్లేదు. రోడ్డు దిగువన వలిసె చేలు విరగబూశాయని అందరికీ తెలుసు. తెలియడమే, పదడుగుల అవతల ఏదీ కనిపించదు. ఊరి మొదట్లో చలిమంట దగ్గర ఓ కుర్రాడు గొంతుక్కూర్చుని చేతులు కాచుకుంటున్నాడు. ఇరవై ఆరేళ్లుంటాయి. ముందురోజే కిరండూల్‌ పాసింజర్‌లో వైజాగ్‌ నుంచి వచ్చాడు.

దిగువ వీధిలోని సిమెంటు రేకుల మందిరంలో కీబోర్డు సరిచేస్తున్నారు. మైకులో ఎవరో 'హలో... హలో' అంటున్నారు. ఎగువన పాత పెంకుటి చర్చి దగ్గర మామిడి కొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్కను ఇనుప కడ్డీతో కొడుతున్నారు. ఆ చర్చికి గంటంటే అదే. రెండు చప్పుళ్లూ మంచులో కలిసి ఒకేసారి మంట దగ్గరికొస్తున్నాయి.

తెల్లచీర కట్టుకున్న తల్లి బైబిల్‌ను ప్లాస్టిక్‌ కవర్లో చుట్టుకుని దిగువకు నడుస్తూ ఆగింది. 'ఏట్రా, రావేటి?'

శాలువా కప్పుకున్న పెదనాన్న ఎగువకు వెళ్తూ ఆగాడు. 'మీ తాత గంట కొట్టిన చర్చిరా అది.'

జేబులో ఫోను మోగింది. అత్తారింటి ఊరి నుంచి అక్క. వాళ్ల సంఘంలో ఇవాళే సెమీ క్రిస్మస్‌ అట, మధ్యాహ్నానికైనా వచ్చేయమంటోంది.

కుర్రాడు ముగ్గురికీ 'ఊఁ' అన్నాడు. మంటలో మరో పుల్ల ఎగదోశాడు.

ఈ కుర్రాడికి ఇక్కడ పేరు పెట్టడం లేదు. ఇలాంటి వాళ్లు పాడేరు, డుంబ్రిగుడ, హుకుంపేట, అనంతగిరి... ఏ మండలంలోనైనా తారసపడతారు. వాళ్లందరినీ కలిపి చెక్కిన బొమ్మ ఇతను. పేరు పెడితే ఒక్కడి కథయిపోతుంది.

చదువుల వయసులో చర్చికి దూరమై, స్థిరపడే వయసులో మళ్లీ గుమ్మం ఎక్కడం ఒక్క అరకుకే పరిమితం కాదు. అమెరికాలో లైఫ్‌వే సంస్థ 2017లో సర్వే చేస్తే, టీనేజీలో ప్రొటెస్టెంట్‌ చర్చికి క్రమంగా వెళ్లినవాళ్లలో 66 శాతం మంది 18 - 22 ఏళ్ల మధ్య కనీసం ఏడాదిపాటు మానేశామన్నారు. వాళ్లలో కొందరు తర్వాత తిరిగొచ్చారు కూడా. తిరిగొచ్చాక అక్కడివాళ్లు ఏ బోధ నచ్చింది, ఏ సంగీతం నచ్చింది అని వెతుక్కుంటారు. మన కొండల్లో వెతుకులాట వేరే చోట మొదలవుతుంది. తాతను ఎక్కడ పాతిపెట్టారు, అమ్మ జ్వరంతో పడి ఉంటే ఎవరొచ్చి కూర్చున్నారు, రేపు తన పెళ్లి ఎవరు చేస్తారు... ఇక్కడ!

ఏ ఘాట్‌ ఎక్కి వచ్చారో...

తాత ఏ శాఖ అంటే కుర్రాడు ఠక్కున 'లూథరన్‌' అంటాడు. తాత లూథరనే ఎందుకయ్యాడు? దీనికి జవాబు వేదాంత గ్రంథాల్లో దొరకదు, ఘాట్‌ రోడ్ల పటంలో దొరుకుతుంది. ఏ కొండకు ఎవరు ముందు ఎక్కారో ఆ కొండ వాళ్లదైంది.

జర్మనీ ఉత్తరపు కొసన, డెన్మార్క్‌ సరిహద్దుకు దగ్గర్లో బ్రెక్లుమ్‌ అనే పల్లె ఉంది. అక్కడి పాస్టరు క్రిస్టియన్‌ యెన్సెన్‌ 1876లో ఓ మిషన్‌ సంస్థ పెట్టాడు. 1882లో ఆ సంస్థ మనుషులు జయపురం సంస్థానం వెతుక్కుంటూ వచ్చారు. కోరాపుట్‌, సాలూరు, పార్వతీపురం వాళ్ల మజిలీలయ్యాయి. మలేరియాకు చనిపోయినవాళ్లు చనిపోగా మిగిలినవాళ్లు బడులు పెట్టారు, భాషలు నేర్చుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం రాగానే జర్మన్లందరూ శత్రు దేశస్థులయ్యారు, కొండలు ఖాళీ చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత సంఘాలను ఊళ్లలోని ఉపదేశులు, పొరుగు లూథరన్‌ మిషన్ల అండతో నిలబెట్టారు. ఆ సంఘమే 1928లో జయపురం ఎవాంజెలికల్‌ లూథరన్‌ చర్చి అయింది. కోరాపుట్‌ ప్రాంతం అప్పటికి మద్రాసు ప్రెసిడెన్సీలోని విశాఖపట్నం జిల్లాలోనే ఉంది. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936లో. అంటే ఈ కొండల మీద రాష్ట్రాల గీత కన్నా చర్చి గీత పాతది. ఇప్పటికీ ఆ సంఘానికి గీత అటూ ఇటూ విశ్వాసులున్నారు.

మైదానం వైపు నుంచి వచ్చిన కథ మరొకటి. 1874లో కెనడా బాప్టిస్టు మిషనరీ జాన్‌ మెక్లారిన్‌ కాకినాడలో దిగాడు. అతన్ని రప్పించిందే థామస్‌ గేబ్రియల్‌ అనే తెలుగు బోధకుడు. అప్పటికే అతను ఆ చుట్టుపక్కల సొంతంగా సంఘాలు కట్టాడు. ఈ సంగతి చాలామంది మర్చిపోతారు. కెనడా బాప్టిస్టులు బొబ్బిలి, శ్రీకాకుళం, పర్లాకిమిడి మీదుగా సవర కొండల దాకా వెళ్లారు. ఇక క్యాథలిక్కులు అంతకన్నా ముందు, 1846లోనే విశాఖపట్నం చేరారు. సెయింట్‌ ఫ్రాన్సిస్‌ డీ సేల్స్‌ సభకు చెందిన ఆ ఫాదర్లు ఆల్ప్స్‌ కొండల్లోని అనెసీ నుంచి వచ్చారు. దక్షిణాన గోదావరి వైపు, దుమ్ముగూడెం కోయల మధ్య ఆంగ్లికన్‌ మిషన్‌ 1860ల్లో మొదలైంది.

ప్రొటెస్టెంట్‌ మిషన్ల మధ్య ఓ ఒప్పందం ఉండేది. ఒకరు దున్నుతున్న చేలో మరొకరు నాగలి పెట్టకూడదు. మీది ఇంతవరకు, మాది అంతవరకు అని ఏర్లు, తాలూకాలు చూసుకుని గీతలు గీసుకున్నారు. ఆ గీతల లోపల ఉన్నవాళ్లను మాత్రం ఎవరూ అడగలేదు. ఒకే తెగ, ఒకే ఇంటిపేరు. అయినా గీతకు ఇటు ఊరు బాప్టిస్టు, అటు ఊరు లూథరన్‌. క్రీస్తును తాత ఎంచుకుని ఉండొచ్చు. శాఖను మాత్రం ఎంచుకోలేదు, అది గీత ప్రకారం వచ్చింది. ఆ లెక్కన కుటుంబంలో మొదటిసారి ఎంచుకోవాల్సి వచ్చినవాడు ఈ కుర్రాడే!

ఎవరు ఎప్పుడు?

1805: లండన్‌ మిషన్‌ నుంచి క్రాన్‌, డిగ్రాంజ్‌ విశాఖపట్నం రాక.
1836: బౌడెన్‌, బీర్‌ దంపతుల రాక. గోదావరి డెల్టాలో బ్రదరెన్‌ సంఘాలకు నాంది.
1842: గుంటూరులో లూథరన్‌ మిషనరీ హేయర్‌.
1846: విశాఖలో క్యాథలిక్‌ ఫాదర్లు.
1874: కాకినాడలో కెనడా బాప్టిస్టులు.
1882: జయపురం కొండల్లో బ్రెక్లుమ్‌ లూథరన్లు.
1938: ముంగమూరి దేవదాసు అయ్యగారు లూథరన్‌ సంఘం నుంచి బయటికొచ్చి బైబిలు మిషను స్థాపించారు.
1947: చర్చ్‌ ఆఫ్‌ సౌత్‌ ఇండియా (సీఎస్‌ఐ) ఆవిర్భావం.

మాట వింటే శాఖ తెలుస్తుంది

తెలుగు క్రైస్తవుడిది ఏ శాఖో తెలుసుకోవాలంటే బోర్డు చూడక్కర్లేదు, కాసేపు మాట్లాడిస్తే చాలు. 'పూజకెళ్లొస్తాం' అంటే క్యాథలిక్కు. 'ఆరాధనకు' అంటే మిగతావాళ్లలో ఎవరైనా కావొచ్చు. ఒకరికి సువిశేషం, మరొకరికి సువార్త. ఒకరు దివ్యసత్‌ప్రసాదం తీసుకుంటారు, ఒకరు ప్రభువు బల్లలో పాలుపొందుతారు, ఇంకొకరు రొట్టె విరుస్తారు. ఎదురొచ్చే మనిషి కూడా మారిపోతాడు. ఫాదర్‌, అయ్యగారు, బ్రదర్‌, పాస్టర్‌గారు, దైవజనులు... పలకరింపులో వందనాలా, ప్రైజ్‌ ద లార్డా అన్నది మరో గుర్తు. క్యాథలిక్‌ బైబిల్లో 73 పుస్తకాలు, మిగతావాళ్ల దాంట్లో 66.

అరకులో దీనికి మరో పొర తోడవుతుంది. ఇంట్లో మాట్లాడేది తెలుగు కాకపోవచ్చు. ఆదివాసీ ఒడియా కావొచ్చు, కువి కావొచ్చు, పోర్జా కావొచ్చు. తొలితరం మిషనరీలు ఈ సంగతి గట్టిగానే పట్టించుకున్నారు. సాలూరులో పనిచేసిన లూథరన్‌ మిషనరీ షుల్జ్‌ 1911లో కువి వ్యాకరణం, 1913లో పదకోశం అచ్చువేశాడు. సవర భాషకు నిఘంటువు, వ్యాకరణం రాసింది మాత్రం మిషనరీ కాదు, మన పర్లాకిమిడి పంతులుగారు గిడుగు రామమూర్తి. కొండభాషల మీద ఆ రోజుల్లో పట్టిన శ్రద్ధ ఇప్పటి మందిరాల్లో అంతగా లేదు. చాలాచోట్ల ప్రసంగం తెలుగులోనే. అదీ మైదానం తెలుగు.

ఎగువ చర్చిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరుస్తారు. పాత ప్రొటెస్టెంట్‌ శాఖలు కొట్టుకున్నా పంచుకున్న ఆస్తి అది. అందులో ఎన్నో కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి (1803 - 1890) పర్లాకిమిడి, శ్రీకాకుళం ప్రాంతాల్లో తిరిగిన బాప్టిస్టు. అయినా లూథరన్లు, సీఎస్‌ఐ వాళ్లు కళ్లు మూసుకుని పాడుకుంటారు. ఆ గ్రాంథిక తెలుగు మన కుర్రాడికి సగమే అర్థమవుతుంది. రాగం మాత్రం పూర్తిగా వచ్చు. దిగువ మందిరంలో పాడేవి హోసన్నా మినిస్ట్రీస్‌ లాంటివాళ్ల కొత్త పాటలు. వైజాగ్‌ గదిలో, రాత్రి షిఫ్టు నుంచి వచ్చి, ఇయర్‌ఫోన్లలో విన్నవి. వాటిలో మాటలన్నీ అర్థమవుతాయి. నాయనమ్మ ఆదివాసీ ఒడియాలో చేసే ప్రార్థన ఉంది చూశారూ, దానికి పుస్తకమూ లేదు, ట్రాకూ లేదు. అన్నం ముందు రెండు నిమిషాలు. 'అదే అసలు చర్చి అనిపిస్తుంది' అనే కుర్రాళ్లు ఉన్నారు.

దిగినప్పుడు జారింది

మానేయడం ఎవరూ నిర్ణయించుకుని చేసింది కాదు. ఆశ్రమ పాఠశాలలో ఆదివారం అంటే బట్టలుతుక్కునే రోజు. తర్వాత వైజాగ్‌లో హాస్టలు, ఆ తర్వాత నలుగురు కలిసి ఉండే గది, ఫార్మా కంపెనీలోనో హోటల్లోనో షిఫ్టులు. ఆదివారం సెలవున్నవాడు అదృష్టవంతుడు. ఒకటి రెండుసార్లు నగరంలో పెద్ద చర్చికి వెళ్లినా అక్కడ అందరూ ఇస్త్రీ బట్టల్లో, కుటుంబాలతో ఉంటారు. 'ఏ ఊరు బాబూ?' అని ఆప్యాయంగానే అడుగుతారు. అరకంటే చాలు, బొంగు చికెన్‌ గురించో కాఫీ గురించో మొదలుపెడతారు. కొండవాళ్లకు ఈ రెండు ఆతిథ్య ప్రశ్నల నుంచి ఎప్పుడు విముక్తో!

తిరిగి రావడానికి కారణాలు మాత్రం పదునుగా ఉంటాయి. ఒకరికి ఉద్యోగం పోయింది. ఒకరికి పెళ్లి కుదిరింది, పిల్ల తరఫువాళ్లు 'మీది ఏ సంఘం?' అన్నారు. ఒకామెకు బిడ్డ పుట్టింది. చాలామందిని వెనక్కి లాక్కొచ్చేది మాత్రం చావే.

మన కుర్రాడి విషయంలోనూ అదే. నిరుడు తాత పోయాడు. పదేళ్లుగా తాత ఎగువ చర్చికి వెళ్లలేకపోయాడు, మంచానపడ్డాడు. అయినా సంఘం రిజిస్టర్లో పేరుంది, ఏటా చందా కట్టిన లెక్క ఉంది. సంఘపెద్దలు ఆ పేజీ తెరిచి చూశారు. తమ సమాధుల దొడ్డిలోనే, నాయనమ్మ చెల్లెలి పక్కన గొయ్యి తీశారు. మూడో రోజు దిగువ మందిరం పాస్టరు కూడా వచ్చి ఇంట్లో ప్రార్థన చేసి, తల్లి పక్కన చాపమీద రాత్రి దాకా కూర్చున్నాడు. గొయ్యి ఒకరు తీశారు, ఏడ్చినప్పుడు పక్కన మరొకరు కూర్చున్నారు. బస్సెక్కి వైజాగ్‌ వెళ్లిపోయాక కుర్రాడికి రెండూ గుర్తుకొస్తూనే ఉన్నాయి.

తల్లి దిగువకు ఎందుకు మారింది? లూథర్‌ బోధ నచ్చక కాదు. ఓ వర్షాకాలం ఆమె జ్వరం వారాల తరబడి తగ్గలేదు. ఎగువ చర్చికి అయ్యగారు నెలకోసారి వచ్చేవాడు. ఒక్కో అయ్యగారి కింద అన్నేసి ఊళ్లు. దిగువ పాస్టరు ఆ వీధిలోనే ఉంటాడు, పగలు కూలికి కూడా పోతాడు. రోజూ సాయంత్రం వచ్చి తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు, ఆసుపత్రికి తీసుకెళ్లే ఆటోకు ఆయనే ఫోను చేశాడు. జ్వరం మాత్రలతోనే తగ్గి ఉండొచ్చు. చెయ్యి మాత్రం గుర్తుండిపోయింది. దిగువ మందిరం లాంటి స్వతంత్ర సంఘాలు కొండల్లో ఎందుకు పెరుగుతున్నాయని సభల్లో ఉపన్యాసాలు చేసే పెద్ద శాఖల నాయకులు ముందు ఈ దూరం లెక్క చూసుకోవాలి.

రెండోసారి నీళ్లు

ఎగువ చర్చిలో పసిగుడ్డుగా ఉన్నప్పుడే కుర్రాడి తలమీద నీళ్లు చిలకరించారు. అదే బాప్తిస్మం. దిగువ మందిరంలో సభ్యత్వం కావాలంటే గెడ్డలో పూర్తిగా మునగాలి. అక్క వాళ్ల బాప్టిస్టు సంఘంలోనూ అంతే. నమ్మి, ఒప్పుకున్నాకే నీళ్లు అంటారు వాళ్లు.

ఇళ్లలో పెద్ద గొడవలయ్యేది ఇక్కడే. 'అది బాప్తిస్మమేటి, తల తడపడం' అని తల్లి పక్షం. 'మళ్లీ ముంచితే మొదటిది ఉత్తిదనేగా? మీ తాత అబద్ధం చేయించాడా?' అని పెదనాన్న పక్షం. బాప్టిస్టులకు, బ్రదరెన్‌కు, పెంతెకొస్తువాళ్లకు ముంచడమే బాప్తిస్మం. లూథరన్లు, సీఎస్‌ఐ, క్యాథలిక్కులు పసిబిడ్డలకూ ఇస్తారు. పెద్దయ్యాక అదే మాటను స్థిరపరచుకునే కార్యం వేరే ఉంటుంది. తండ్రి కుమార పరిశుద్ధాత్మల పేరిట నీళ్లతో ఇచ్చిన బాప్తిస్మం ఏ శాఖదైనా క్యాథలిక్కులు మళ్లీ ఇవ్వరు. ఇదంతా ఎక్కడో పదహారో శతాబ్దపు ఐరోపాలో మొదలైన పేచీ. ఇప్పుడు అరకు గెడ్డ గట్టున తేలాల్సి వచ్చింది!

ఓ అమ్మాయి ఈ పేచీని తనకు తానే తేల్చుకుంది. ఆర్‌సీఎం (రోమన్‌ క్యాథలిక్‌ మిషన్‌) బడిలో చదివింది, సిస్టర్ల దగ్గర జపమాల నేర్చుకుంది. నర్సింగ్‌ చేసే రోజుల్లో పెంతెకొస్తు స్నేహితురాళ్లతో ఉపవాస కూడికలకు వెళ్లింది. తిరిగొచ్చాక మునగడానికి ఒప్పుకోలేదు. నగలు తీసేయడానికీ ఒప్పుకోలేదు. అలాగని పూజకు కూడా వారం వారం వెళ్లదు. సమాధుల పండగకు మాత్రం తప్పదు. నవంబరు 2న చీకటిపడ్డాక కొవ్వొత్తులు పట్టుకుని నాన్న దగ్గరికి వెళ్తుంది. ఆ ఒక్క రాత్రి కోసం ఆమె క్యాథలిక్‌.

దింసా ఆడొచ్చా?

నగల మాట చిన్నదేం కాదు. చాలా పెంతెకొస్తు సంఘాల్లో ఆడవాళ్లు బంగారం పెట్టుకోరు, పెళ్లిలో తాళి కట్టరు. క్యాథలిక్‌, లూథరన్‌ పెళ్లిళ్లలో మంగళసూత్రం మామూలే. ముక్కుకు రెండువైపులా పుడకలు, మెడలో కంటెలు తరతరాలుగా వేసుకున్న తెగల్లో, నగ అంటే అలంకారం ఒక్కటే కాదు, ఎవరి పిల్లో చెప్పే గుర్తు.

చైత్రంలో ఇటుకల పండగ వస్తుంది. మగవాళ్లంతా వేటకు కదులుతారు, ఆడవాళ్లు దారికి అడ్డం కట్టి డబ్బులడుగుతారు, రాత్రి దింసా నృత్యం. పండగ ముహూర్తం దిసారి చెబుతాడు, ఊరి దేవుడు శంకుదేవుడి దగ్గర పూజలవుతాయి. క్రైస్తవ కుటుంబాలు ఎంతవరకు కలవాలి? పాత శాఖల్లో కాలక్రమంలో ఓ సర్దుబాటు కుదిరింది. పూజకు ఆగిపోతారు, ఆటకు చూసీచూడనట్టు ఉంటారు. కొత్త సంఘాల్లో చాలావరకు 'వద్దు' అంటే వద్దే. వైజాగ్‌లో కాలేజీ వేడుకల్లో స్టేజీ ఎక్కి దింసా ఆడి బహుమతి తెచ్చుకున్న పిల్లలు, ఊరికొచ్చాక అదే దింసాకు దూరంగా నిలబడాల్సి రావడం చూడ్డానికి విచిత్రంగా ఉంటుంది. నగరంలో అది సంస్కృతి, ఊళ్లో అది విగ్రహారాధన.

ఊరివాళ్లకూ తమ లెక్క ఉంది. దేవత పండగకు ఇంటింటికీ వేసే చందా ఇవ్వని ఇల్లు, ఊరి మాటలోంచి కాస్త జారిపోతుంది. శాఖ ఎంచుకోవడమంటే ఎంత దూరం జారాలో ఎంచుకోవడం కూడా.

కాగితాల సంగతి

ఎస్టీ హోదాకు మతంతో ముడి లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వుల్లో ఎస్సీలకు మతం షరతు ఉంది. ఎస్టీలకు లేదు. క్రైస్తవులైన గిరిజనులను జాబితా నుంచి తీసేయాలన్న 'డీలిస్టింగ్‌' డిమాండును 1967లో పార్లమెంటు సభ్యుడు కార్తీక్‌ ఒరావ్‌ లేవనెత్తారు. ఇప్పుడు మళ్లీ సభలు, ర్యాలీలు జరుగుతున్నాయి. జనగణన దగ్గరపడే కొద్దీ ఊళ్లలో ఈ మాటే ఎక్కువ. జనగణన మతాన్ని అడుగుతుంది, శాఖను అడగదు.

పెళ్లికి వర్తించేది 1872 నాటి భారతీయ క్రైస్తవ వివాహ చట్టం. వధూవరుల్లో ఒకరైనా క్రైస్తవులై ఉండాలి, చేసేవారికి చట్టప్రకారం అధికారం ఉండాలి. బిషప్‌ అభిషేకించిన గురువులకు విడిగా లైసెన్సు అక్కర్లేదు. స్వతంత్ర సంఘాలు సహా మిగతా సంఘాల పాస్టర్లు ప్రభుత్వం నుంచి లైసెన్సు తీసుకోవాలి. అధికారం లేకుండా పెళ్లి చేయడం ఆ చట్టం కింద శిక్షార్హం. పెళ్లి ధ్రువపత్రం అవసరపడే రోజు వస్తుంది కాబట్టి, 'అయ్యగారూ, మీకు లైసెన్సు ఉందా?' అని ముందే అడగడం అమర్యాద కాదు.

చనిపోయినవారితో మాట తెగిన కొండ

అరకుకు ఈశాన్యంగా, పర్లాకిమిడి దాటాక సవర కొండలొస్తాయి. ఒడిశా గజపతి జిల్లాలో 2011 జనగణన ప్రకారం నూటికి 38 మంది క్రైస్తవులు. కొండల మీది సవర క్రైస్తవుల్లో ఎక్కువమంది బాప్టిస్టులు. బ్రిటిష్‌ మానవశాస్త్రవేత్త పియర్స్‌ విటెబ్‌స్కీ 1970ల నుంచి సవరల మధ్యకు వస్తూపోతూ ఉన్నాడు. ఆయన మొదట చూసినప్పుడు, పూనకం వచ్చిన స్త్రీ గొంతులోంచి చనిపోయినవాళ్లు మాట్లాడేవాళ్లు. బతికున్నవాళ్లు వాళ్లతో వాదించేవాళ్లు, ఏడ్చేవాళ్లు, పాత బాకీలు తేల్చుకునేవాళ్లు. ఒక తరం తిరిగేసరికి పిల్లలు బాప్టిస్టులయ్యారు, ఆ సంభాషణ ఆగిపోయింది. 2017లో వచ్చిన ఆయన పుస్తకం పేరే 'లివింగ్‌ వితౌట్‌ ద డెడ్‌'. అదే కొండల్లో 1936లో మంగై గొమాంగో సవర భాషకు సొంత లిపి తయారుచేశాడు. ఆ అక్షరాలనే దేవుడిగా కొలిచే శాఖ ఒకటి పుట్టింది. దేవుణ్ని ఎంచుకోవడంలో ఈ కొండలు ఎప్పుడూ ఒకే దారిలో నడవలేదు.

ఈ కథ అరకు కుర్రాడికి తెలియకపోవచ్చు. కానీ తాత సమాధి దగ్గర మాట్లాడాలనిపిస్తే ఏ చర్చి ఒప్పుకుంటుందన్న సందేహం అతనికీ ఉంది. ఈస్టర్‌ తెల్లవారుజామున ఎగువ చర్చివాళ్లు సమాధుల దొడ్డికి వెళ్లి పాడతారు. దిగువవాళ్లు 'అక్కడేముందిరా, ప్రభువు లేచాడు కదా' అంటారు. రెండూ విశ్వాసపు మాటలే. ఒకదాంట్లో తాత ఉన్నాడు, ఒకదాంట్లో లేడు.

ఒక్కటి కావాలనుకున్నారు

ఇన్ని శాఖలెందుకన్న ప్రశ్న కొత్తదేం కాదు. 1919లో తరంగంబాడిలో కొందరు భారతీయ గురువులు కూర్చుని, ఎక్కడో పాశ్చాత్యులు తెచ్చిపెట్టిన చీలికలను మనమెందుకు మోయాలని తీర్మానించారు. వాళ్లలో ముఖ్యుడు దోర్నకల్‌ బిషప్‌ అజరయ్య, ఆంగ్లికన్‌ సంఘంలో తొలి భారతీయ బిషప్‌. చర్చలు 28 ఏళ్లు నడిచాయి. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అప్పటికే కలిసి ఉన్న ప్రెస్బిటేరియన్‌, కాంగ్రిగేషనల్‌ సంఘాలు ఒక్కటై సీఎస్‌ఐ అయ్యాయి. చూడ్డానికి అజరయ్య లేడు, 1945 జనవరి 1న కన్నుమూశాడు. నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్లలో చాలామంది ఆనాడు కలవలేదు. లూథరన్లు, బాప్టిస్టులు బయటే ఉండిపోయారు. అంటే అరకు చుట్టూ ఉన్న పాత సంఘాల్లో ప్రధానమైనవన్నీ ఆ ఐక్యతకు బయటే.

ఆ తర్వాత కలిసినవి తక్కువ, చీలినవి ఎక్కువ. ప్యూ రీసెర్చ్‌ సంస్థ 2019 - 20లో దేశవ్యాప్తంగా చేసిన సర్వేలో క్రైస్తవుల్లో 37 శాతం తాము క్యాథలిక్కులమని, 13 శాతం బాప్టిస్టులమని చెప్పారు. మిగతా సగం ఎన్నో పేర్ల కింద చెల్లాచెదురుగా ఉంది. దిగువ వీధి మందిరానికి ఉన్న పేరు బహుశా ఆ ఊరి బోర్డు మీద తప్ప ఎక్కడా కనిపించదు.

శాఖల పెద్దలు దీన్ని గందరగోళం అంటారు. కుర్రాళ్ల వైపు నుంచి చూస్తే అలా కనిపించదు. మూడు గుమ్మాలు తెరిచి ఉన్నాయి, మూడింట్లోనూ చుట్టాలే. ఒకచోట సమాధి, ఒకచోట అమ్మ, ఒకచోట అక్క. తాతల తరానికి ఈ మాత్రం వెసులుబాటు లేదు. అయితే వెసులుబాటుకూ ఖరీదుంది. రిజిస్టర్లో పేరు లేనివాడికి సమాధుల దొడ్డిలో చోటు అడిగే హక్కు ఉండదు, సంఘం ఎన్నికల్లో ఓటుండదు, పెళ్లికి హాలు అడిగితే పెద్దలు మొహాలు చూసుకుంటారు. నెలకు రెండు ఆదివారాలు వచ్చి పాడి వెళ్లేవాణ్ని అందరూ ప్రేమిస్తారు, లెక్కలో ఎవరూ వేసుకోరు.

తొమ్మిదిన్నరకు మంచు విడింది. వలిసె చేలు ఒక్కసారిగా బయటపడ్డాయి. చలిమంట ఆరిపోయింది. కుర్రాడు ఆ ఉదయం దిగువ మందిరంలో వెనక వరసలో, చెప్పుల పక్కన కూర్చుని అమ్మ సాక్ష్యం చెప్పడం విన్నాడు. మధ్యాహ్నం అక్కవాళ్ల ఊళ్లో సెమీ క్రిస్మస్‌ భోజనం చేశాడు. క్రిస్మస్‌ ముందురాత్రి ఎగువ చర్చిలో రైలు పట్టా గంట తాత బదులు తనే కొడతానని పెదనాన్నకు మాటిచ్చాడు.

మర్నాటి పాసింజర్‌కు వైజాగ్‌ వెళ్లిపోయాడు. ఇప్పటికైతే అతని పేరు మూడు సంఘాల సభ్యత్వ రిజిస్టర్లలోనూ లేదు.